పక్కగదిలో కూర్చోబెట్టిన సగం సైప్రస్

అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "రెండు ముక్కలైన దేశంలో ముందు ఒప్పందం కుదరడమే గగనం. అలాంటప్పుడు చర్చల్లో మహిళలకు చోటు కావాలని పట్టుబట్టడం సబబేనా? ముందు శాంతి రానిచ్చి, ఆడవాళ్ల హక్కుల సంగతి తర్వాత చూసుకుంటే పోదా? సైప్రస్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి."

నేను చాలా ఏళ్లుగా సైప్రస్ చర్చల పత్రాలు చదువుతున్నాను, కొన్నాళ్లు పాఠంగా కూడా చెప్పాను. ఈ 'తర్వాత చూద్దాం' అన్న మాటే నాకు అన్నిటికన్నా పాతదిగా కనిపిస్తుంది. అక్కడ దాని వయసు అరవై దాటింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైప్రస్‌లో ఆడవాళ్ల హక్కులు ఒప్పందం చివర్లో అతికించే వేరే అధ్యాయం కాదు. ఆస్తి, పౌరసత్వం, అధికార పంపకం అని మగవాళ్లు 'అసలు విషయాలు' అనుకుంటున్నవాటి కడుపులోనే అవి ఉన్నాయి. వాటిని వదిలేసి ఆ అధ్యాయాలు రాస్తే రాసినవే తప్పుగా వస్తాయి. ఎలాగో చెప్తాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. సైప్రస్ 1960లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. జనంలో ఎక్కువమంది గ్రీకు సైప్రియట్లు, 18 శాతం దాకా టర్కిష్ సైప్రియట్లు. మూడేళ్లు దాటాయో లేదో, 1963 డిసెంబర్‌లో, రెండు వర్గాల మధ్య గొడవలు మొదలయ్యాయి. రాజధాని నికోసియా మ్యాప్ మీద ఒక బ్రిటిష్ సైనికాధికారి ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. 'గ్రీన్ లైన్' అనే పేరు దాని నుంచే వచ్చింది. 1964లో వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతిసేన ఇప్పటికీ అక్కడే ఉంది. 1974 జూలై 15న గ్రీస్ సైనిక ప్రభుత్వం అండతో సైప్రస్ ప్రభుత్వం మీద సైనిక కుట్ర జరిగింది. అయిదు రోజులకు టర్కీ సైన్యం దిగింది. ఆగస్టు నాటికి ద్వీపంలో మూడో వంతుకు పైగా దాని అధీనంలోకి పోయింది. గ్రీకు సైప్రియట్లు లక్షన్నరకు పైగా దక్షిణానికి, టర్కిష్ సైప్రియట్లు వేల సంఖ్యలో ఉత్తరానికి ఇళ్లు వదిలి పోయారు. 1983లో ఉత్తర భాగం తనను తాను దేశంగా ప్రకటించుకుంది, టర్కీ తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. రెండిటి మధ్య 180 కిలోమీటర్ల బఫర్ జోన్. దశాబ్దాలుగా చర్చలు నడుస్తూనే ఉన్నాయి, ఆగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు 1960 రాజ్యాంగం తెరిచి చూడండి. దాని ప్రకారం ప్రతి పౌరుడూ గ్రీకు వర్గంలోనో టర్కిష్ వర్గంలోనో ఉండి తీరాలి. అధ్యక్షుడు గ్రీకు, ఉపాధ్యక్షుడు టర్కిష్. మంత్రులు ఏడుగురు, ముగ్గురు. ప్రభుత్వ ఉద్యోగాలు 70:30. ఎవరు ఏ వర్గమో తేలితే గానీ ఓటు ఎక్కడ వేయాలో, ఏ కోటాలోకి వస్తారో తేలదు. మరి ఆడవాళ్లు? రెండో అధికరణంలోని ఏడో క్లాజు ఒక్క ముక్కలో తేల్చేసింది: పెళ్లయిన స్త్రీ భర్త వర్గానికి చెందుతుంది, పెళ్లికాని, 21 ఏళ్లు నిండని పిల్లలు తండ్రి వర్గానికి చెందుతారు. అంటే దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన రాజకీయ గుర్తింపు పెళ్లితో మారిపోతుంది, అదీ ఆడవాళ్లకే. విచిత్రం ఏమిటంటే ఆ తొలి మంత్రివర్గంలో న్యాయశాఖ ఒక మహిళ చేతిలోనే ఉంది. స్టెల్లా సులియోతి 1960 నుంచి పదేళ్లు ఆ శాఖ చూశారు. ఒక్క సమర్థురాలిని కుర్చీలో కూర్చోబెట్టినంత మాత్రాన రాసేసిన నియమం మారదని నేను మొదట నేర్చుకున్నది ఇక్కడే.

'అదంతా పాత కాలం' అంటారేమో. ఆ ఆలోచన 1974 తర్వాత ఇంకో రూపంలో వచ్చింది. దక్షిణాన ప్రభుత్వం నిర్వాసితులకు ఒక కార్డు ఇచ్చింది. ఆ కార్డు ఉంటే ఇల్లు కట్టుకోవడానికీ, అద్దెకూ సాయం దొరుకుతుంది. నిర్వాసితుడైన తండ్రి పిల్లలకు కార్డు వచ్చేది. నిర్వాసితురాలైన తల్లి పిల్లలకు వచ్చేది కాదు. ఒకే ఊరి నుంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన అన్నాచెల్లెళ్లను ఊహించుకోండి. అన్న పిల్లలు నిర్వాసితులు, చెల్లెలు దక్షిణాది అబ్బాయిని చేసుకుంటే ఆమె పిల్లలు కాదు! ఒక మహిళ దీని మీద స్థానిక కోర్టుల్లో ఓడిపోయి, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. అప్పట్లో మగవాళ్ల ఆర్థిక స్థితి వేరు, ఆడవాళ్లది వేరు అన్నది ప్రభుత్వ వాదన. 2015 అక్టోబర్‌లో కోర్టు ఆ వాదనను కొట్టేసి, ఇది లింగ వివక్షేనని తీర్పు చెప్పింది. ఇళ్ల సాయం నిబంధనను ప్రభుత్వం 2013లో మార్చింది. అంటే దాదాపు నలభై ఏళ్లు ఆ తేడా నడిచింది.

శాంతి చర్చలకూ దీనికీ సంబంధమేమిటని అడగొచ్చు. చర్చల్లో సగం టెన్షన్ నిర్వాసితుల చుట్టూనే. ఎవరు తిరిగి వెళ్లొచ్చు, ఎవరికి ఇల్లు, ఎవరికి పరిహారం. 'నిర్వాసితులు ఎవరు' అన్న నిర్వచనంలోనే తల్లి వైపు బంధం ఎన్నో ఏళ్లు లెక్కకు రాకపోతే, ఆ లెక్కలు బల్ల మీద పెట్టుకుని మాట్లాడుతున్నవాళ్లకు ఆ లోటు కనిపించాలి కదా. కనిపించలేదు, ఎందుకంటే అది ఎవరి మెడకు చుట్టుకుందో వాళ్లెవరూ ఆ గదిలో లేరు.

ఆస్తి సంగతి ఇంకా ఆసక్తికరం. నన్ను అడిగితే సైప్రస్ చర్చల చరిత్రలో ఆడవాళ్ల పాత్ర మీద చెప్పాల్సిన అసలు కథ ఇదే, కానీ ఎవరూ దీన్ని ఆ పేరుతో చెప్పరు. 1980ల్లో గ్రీకు సైప్రియట్ మహిళలు 'విమెన్ వాక్ హోమ్' పేరుతో గ్రీన్ లైన్ వైపు నడిచే ఉద్యమం చేశారు. నినాదం ఏమీ చుట్టుతిరుగుడు లేనిది: మా ఇంటికి మేం నడిచిపోతున్నాం. 1989 మార్చి 19న లింబియా గ్రామం దగ్గర గీత దాటినవాళ్లలో తితీనా లోయిజిదూ ఒకరు. ఆమె ఉత్తర తీరంలోని కిరీనియాలో పెరిగారు. 1972లో పెళ్లయి నికోసియాకు వచ్చారు. కిరీనియాలో ఆమె పేరు మీద స్థలాలున్నాయి, ఒకదానిలో ఫ్లాట్ల నిర్మాణం మొదలైంది, అందులో ఒకటి సొంత కుటుంబం కోసం అనుకున్నారు. ఇంతలో 1974 వచ్చింది. ఆ నడకలో ఆమెను పట్టుకుని పది గంటలకు పైగా నిర్బంధించారు. ఆ తర్వాత ఆమె టర్కీ మీద స్ట్రాస్‌బర్గ్‌లో కేసు వేశారు.

1996 డిసెంబర్‌లో వచ్చిన తీర్పు అంతర్జాతీయ చట్టం చదివే ప్రతి విద్యార్థికీ పరిచయమే. ఉత్తర సైప్రస్ మీద టర్కీకి వాస్తవ నియంత్రణ ఉంది కాబట్టి బాధ్యత దానిదే, లోయిజిదూ ఇప్పటికీ చట్టప్రకారం యజమానే అని కోర్టు తేల్చింది. 1998లో పరిహారం ఖరారు చేసింది. ఆస్తిని వాడుకోలేకపోయినందుకే మూడు లక్షల సైప్రస్ పౌండ్లు. టర్కీ చాలాకాలం కట్టనని మొండికేసి, చివరికి 2003 డిసెంబర్‌లో కట్టింది. తర్వాత ఫమగూస్తా ఆస్తి మీద మైరా జెనిడెస్-ఆరెస్తిస్ అనే మరో మహిళ వేసిన కేసులో 2005 తీర్పు వచ్చింది. ఆ ఒత్తిడితోనే ఉత్తరాన స్థిరాస్తి కమిషన్ ఏర్పడింది. 2010లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు దాన్ని సరైన పరిష్కార మార్గంగా ఒప్పుకుంది కూడా. అప్పటి నుంచి ఆస్తి అధ్యాయం మీద ఏ నాయకుడు ఏ ప్రతిపాదన పెట్టినా ఈ తీర్పుల నీడలోనే పెట్టాలి. చర్చల బల్ల దగ్గరికి రానివ్వని ఆడవాళ్లు కోర్టు గుమ్మం గుండా వచ్చి ఆ అధ్యాయానికి హద్దులు గీశారన్నమాట.

ఇంకో విషయం కూడా దీనిలోనే ఉంది. గ్రీకు సైప్రియట్లలో కూతురికి కట్నంగా ఇల్లు ఇవ్వడం ఆనవాయితీ. కాబట్టి 1974లో పోయిన ఇళ్లలో ఆడవాళ్ల పేరున ఉన్నవీ, పెళ్లికి ఇస్తామని అనుకున్నవీ చాలా. ఇల్లు పోవడమంటే వాళ్లకు పెళ్లిలో ఉన్న బేరసారాల బలం, భర్త ఇంట్లో తమకంటూ ఉన్న ఆధారం పోవడం. ఇక ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది ఎవరు? దక్షిణం నుంచి తరిమేస్తే వచ్చిన టర్కిష్ సైప్రియట్ కుటుంబం కావచ్చు. అందులోనూ ఒక ఆడమనిషి యాభై ఏళ్లుగా అదే వంటింట్లో వంట చేసి పిల్లల్ని పెంచి ఉంటుంది. ఆ ఇంటి కాగితం బహుశా భర్త పేరున ఉంటుంది. ఒకే ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు. 2015లో నాయకులిద్దరూ ఒప్పుకున్న సూత్రం ఇటు పాత యజమానినీ, అటు ఇప్పుడు ఉంటున్నవాళ్లనూ గుర్తిస్తుంది. తిరిగివ్వడం, మార్పిడి, పరిహారం అని దారులు చెప్తుంది. పరిహారం చెక్కు ఎవరి పేరున రాస్తారు? ఉంటున్నావిడ విడాకులు తీసుకుని ఉంటే, భర్త చనిపోయి ఉంటే 'ఇప్పటి నివాసి' ఎవరు? ఈ ప్రశ్నలు మెత్తటివీ కావు, పక్కవీ కావు. ఆస్తి సంబంధమైనవే. 2009లో రెండు వైపుల మహిళలు కలిసి పెట్టుకున్న జెండర్ అడ్వైజరీ టీమ్ పాలన, పౌరసత్వం, ఆస్తి అంశాల మీద ఇలాంటి ప్రశ్నలతోనే సిఫార్సులు రాసి ఇచ్చింది. వాటిని నాయకులు మర్యాదగా తీసుకున్నారు. అంతే.

2008 నుంచి 2017 దాకా చర్చలకు ఆరు అధ్యాయాలు: పాలన-అధికార పంపకం, ఆస్తి, భూభాగం, యూరోపియన్ యూనియన్ వ్యవహారాలు, ఆర్థికం, భద్రత-హామీలు. ఇందులో జరిగిన అన్యాయాలకు జవాబు చెప్పే అధ్యాయం లేదు. 1974లో జరిగిన అత్యాచారాలను అప్పటి యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ 1976 నివేదికలోనే నమోదు చేసింది. అయినా చర్చల్లో ఆ బాధితుల పేరెత్తే చోటే లేదు. తప్పిపోయిన 2002 మంది కోసం 1981లో ఇరు వర్గాల కమిటీ వేశారు. అది మంచి పని చేసింది. వెయ్యి మందికి పైగా అవశేషాలు గుర్తించి కుటుంబాలకు అప్పగించింది. కానీ ఎలా చనిపోయారు, ఎవరు చంపారు అన్నది తేల్చే అధికారం దానికి ఇవ్వలేదు. నల్లబట్టల్లో, గుండెల మీద ఫోటోలు పట్టుకుని నికోసియాలోని లెడ్రా ప్యాలెస్ చెక్‌పోస్ట్ దగ్గర ఏళ్లతరబడి నిలబడ్డ తల్లులూ భార్యలూ అందరికీ గుర్తే. రెండు వైపుల రాజకీయ నాయకులకూ ఆ దుఃఖం పోస్టర్ మీద పనికొచ్చింది. వాళ్లను పిలిచి 'మీకేం కావాలి' అని అడగడం వేరే పని.

ఇక కుర్చీల లెక్క. 1977లో గ్రీకు సైప్రియట్ల నాయకుడు మకారియోస్, టర్కిష్ సైప్రియట్ల నాయకుడు దెంక్తాష్ చేసుకున్న తొలి ఒప్పందం నుంచి 2025 అక్టోబర్‌లో ఉత్తరాన గెలిచిన తుఫాన్ ఎర్హుర్మాన్ దాకా, రెండు వర్గాల తరఫున నాయకులుగా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లందరూ మగవాళ్లే. 2017 జూలైలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్-మోంటానాలో దాదాపు అంచుదాకా వచ్చి కుప్పకూలిన చర్చల్లో నాయకులూ, వాళ్ల ప్రధాన ప్రతినిధులూ మగవాళ్లే. అదే సమయంలో మూడో కుర్చీ, అంటే ఐక్యరాజ్యసమితి కుర్చీ చూడండి. లీసా బటెన్‌హైమ్, ఆమె తర్వాత ఎలిజబెత్ స్పేహర్ ప్రత్యేక ప్రతినిధులు. 2014లో నార్వేకి చెందిన క్రిస్టిన్ లుండ్ సైప్రస్ శాంతిసేనకు కమాండర్‌గా వచ్చారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు నాయకత్వం వహించిన తొలి మహిళ ఆమె. తర్వాత జేన్ హాల్ ల్యూట్, 2024లోనూ మళ్లీ 2025లోనూ కొలంబియా మాజీ విదేశాంగ మంత్రి మరియా ఆంజెలా ఒల్గీన్. బయటి నుంచి వచ్చిన మహిళ చర్చలు నడిపించొచ్చు, ద్వీపంలో పుట్టిన మహిళ మాత్రం చర్చించకూడదు. అర్హత లేక అనడానికి వీల్లేదు. ఉత్తరాన సిబెల్ సిబెర్ 2013లో ప్రధానిగా చేశారు. దక్షిణాన 2021లో అనితా దిమిత్రియూ పార్లమెంటు స్పీకర్ అయ్యారు.

2015 మేలో ఇద్దరు నాయకులూ లింగ సమానత్వం మీద ఒక సాంకేతిక కమిటీ వేశారు. అడిగినవాళ్లకు 'కమిటీ వేశాం కదా' అని చూపించడానికి బాగా పనికొస్తుంది. సాంకేతిక కమిటీలంటే సాంస్కృతిక వారసత్వం, ఆరోగ్యం, దాటే మార్గాలు లాంటి రోజువారీ పనులు చూసేవి. వాటిలో కొన్ని చాలా మంచివి, నేను తక్కువ చేయట్లేదు. కానీ ఒప్పందం ముసాయిదా వాళ్ల చేతికి రాదు. మహిళల విషయం కూడా ఆ వరసలో పెట్టేశారు. పెళ్లి పెత్తనం మగపెద్దలది, వడ్డనకు మాత్రం ఆడవాళ్లు అన్నట్టు. భద్రతా మండలి పదేపదే అడిగాక, 2022లో ఆ కమిటీ మహిళల పూర్తి భాగస్వామ్యానికి ఒక కార్యాచరణ ప్రణాళిక ఇచ్చింది. ప్రణాళిక బాగానే ఉంది, అమలు చేయాల్సింది మళ్లీ ఆ ఇద్దరు నాయకులే.

కోటా అనగానే 'ఇప్పటికే క్లిష్టంగా ఉంది, ఇంకా క్లిష్టం చేయకండి' అని సమాధానం వస్తుంది. నాకు నవ్వొస్తుంది. గుమాస్తా ఉద్యోగం దాకా 70:30 అని రాసుకున్న దేశం అది. వర్గం పేరుతో కోటా సహజంగా తోస్తుంది, ఆడవాళ్ల పేరుతో అయితే తలనొప్పిగా తోస్తుంది.

మరి బల్ల దగ్గర కూర్చుంటే నిజంగా తేడా వస్తుందా? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. మహిళలు పాల్గొంటే ఒప్పందం పదిహేనేళ్లు నిలిచే అవకాశం 35 శాతం పెరుగుతుందన్న లెక్క ప్రతి ప్రసంగంలోనూ వినిపిస్తుంది. దాన్ని నమ్ముకుని వాదించకండి. మహిళలను రానిచ్చే సమాజాల్లో ఒప్పందం నిలవడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే మీ వాదన మొత్తం ఆ అంకెతోపాటు పడిపోతుంది. రెండు ఉదాహరణలు చెప్తాను, అవి అంకెకన్నా గట్టివి.

ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో చర్చలకు ప్రతినిధులను ఎన్నికల ద్వారా పంపాలనుకున్నారు. ఎక్కువ ఓట్లు వచ్చిన పది పార్టీలకు కనీసం రెండేసి సీట్లు అన్న నియమం పెట్టారు. ఎన్నికలకు కొన్ని వారాల ముందు క్యాథలిక్, ప్రొటెస్టెంట్ మహిళలు కలిసి విమెన్స్ కొయలిషన్ పెట్టారు. వచ్చింది ఒక్క శాతం ఓట్లు. అయినా పది పార్టీల్లో చోటు దక్కింది. మోనికా మెక్‌విలియమ్స్, పెర్ల్ సేగర్ లోపలికి వెళ్లారు. సభలో కొందరు వాళ్లను చూసి ఆవుల్లా అరిచి ఎగతాళి చేశారు. 1998 ఏప్రిల్ 10 ఒప్పందంలో బాధితుల సంగతి, పిల్లలు కలిసి చదువుకునే బడుల సంగతి, పౌర వేదిక, మహిళల రాజకీయ భాగస్వామ్య హక్కు చేరడంలో వాళ్ల చెయ్యి ఉంది. గమనించండి, వాళ్లను లోపలికి తెచ్చింది ఎవరి మంచితనమూ కాదు, ఎన్నికల నియమంలోని ఒక సందు.

కొలంబియా దారి వేరు. 2012లో ప్రభుత్వానికీ, దానిమీద పోరాడుతున్న ఫార్క్ గెరిల్లాలకూ మధ్య క్యూబా రాజధాని హవానాలో చర్చలు మొదలయ్యాయి. మహిళా సంఘాల ఒత్తిడితో 2014 సెప్టెంబర్‌లో జెండర్ సబ్‌కమిషన్ పెట్టారు. సైప్రస్ కమిటీకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో ప్రభుత్వం వాళ్లూ, ఫార్క్ గెరిల్లాలూ ఇద్దరూ ఉన్నారు, ఒప్పందంలోని ప్రతి అధ్యాయం ముసాయిదా వీళ్ల కళ్లముందు నుంచి వెళ్లింది. భూమి పట్టా ఎవరి పేరున అన్న ప్రశ్న భూమి అధ్యాయంలోకే వెళ్లింది. అయితే దీనికి ఎదురుదెబ్బ కూడా తగిలింది. 2016 అక్టోబర్ 2 రిఫరెండంలో 'జెండర్ భావజాలం' అంటూ వ్యతిరేక ప్రచారం జరిగింది, ఒప్పందం వెంట్రుకవాసిలో ఓడింది. కొంత సవరించి నవంబర్‌లో మళ్లీ సంతకం చేశారు. తర్వాత సైప్రస్‌కు దూతగా వచ్చిన ఒల్గీన్ అప్పటి విదేశాంగ మంత్రి. ఈ అనుభవమంతా దగ్గరుండి చూసిన మనిషి.

ఆ రిఫరెండం పాఠం సైప్రస్‌కు వర్తిస్తుంది. 2004 ఏప్రిల్ 24న జరిగిన రిఫరెండంలో, ద్వీపాన్ని కలపడానికి అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరుతో వచ్చిన ప్రణాళికను ఉత్తరాన 65 శాతం ఒప్పుకుంటే దక్షిణాన 76 శాతం తోసిపుచ్చారు. మూసిన గదిలో రాసిన ఒప్పందాన్ని చివరికి అందరిచేతా ఓటు వేయించాలి, ఆ ఓటర్లలో సగం ఆడవాళ్లు. 'ముందు శాంతి, తర్వాత హక్కులు' అనేవాళ్లు ఈ వరస మర్చిపోతారు. ఒప్పందానికీ శాంతికీ మధ్య ఓటుపెట్టె ఉంది.

ఇంకో హెచ్చరిక. ఆడవాళ్లంతా సహజంగా శాంతిదూతలనుకోవద్దు. 'విమెన్ వాక్ హోమ్'లో నడిచినవాళ్లు ఎక్కువగా గ్రీకు సైప్రియట్లే. అవతలి వైపు ఎంతోమంది టర్కిష్ సైప్రియట్ మహిళలకు అది 'మా ఇల్లు ఖాళీ చేయించడానికి వస్తున్నారు' అన్న భయంగా కనిపించింది. రెండు వైపులవాళ్లూ కలిసిన 'హ్యాండ్స్ అక్రాస్ ది డివైడ్' 2001లో గానీ పుట్టలేదు. అప్పటికి గీత దాటడానికి మార్గాలు కూడా తెరవలేదు, అవి 2003 ఏప్రిల్‌లో తెరిచారు. ఆ సంఘంలోనూ వాదనలు తక్కువేం జరగలేదు. మహిళలకు చోటు అడగడం వాళ్లు ఒకే మాట మాట్లాడతారని కాదు. ఆ ఇంటి ఇద్దరు ఆడవాళ్లూ పోట్లాడుకున్నా సరే, ఆ పోట్లాట ముసాయిదా రాసే గదిలో జరగాలి.

కాబట్టి మళ్లీ చర్చలు మొదలవుతున్నాయని వార్త వస్తే, గ్రూప్ ఫోటోలో చీరలూ సూట్లూ లెక్కపెట్టకండి. ఆస్తి అధ్యాయం మీద పనిచేసే బృందంలో ఎవరున్నారో చూడండి. లింగ సమానత్వ కమిటీకి ముసాయిదాలు అందుతున్నాయా, లేక ప్రకటనలు మాత్రమేనా చూడండి. చర్చల్లో అనుకుంటున్న రెండు రాష్ట్రాల కొత్త సమాఖ్యలో ఎవరు ఏ రాష్ట్ర పౌరులన్నది తల్లి వైపు నుంచి కూడా లెక్కిస్తున్నారా చూడండి. 1960లో ఏడో క్లాజు రాసిన రోజు ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు.